పన్ను నొప్పి

ఎడమ దవడ కింద లవంగం పెట్టుకుని
పొద్దున ఆరింటికే నాజిల్ పట్టుకుంటా.
బొమ్మనహళ్ళి, హోసూరు రోడ్డు, మూడో పంపు.
"జీరో నోడి సార్."
దినానికి ఆరేడు నూర్లసార్లు ఇదే మాట.
ఈ బంకులో ధర మారనిది ఆ సున్నా ఒక్కటే.

బోర్డు మీది ఎర్ర అంకెలు
అందరూ పండుకున్నాక మారతాయి.
తెల్లారి వచ్చినోళ్ళు బోర్డును చూసి, నన్ను చూస్తారు
నేనే రాత్రి నిచ్చెనేసుకుని ఎక్కినట్టు.
షెట్టిగారు గాజు గదిలో నుంచి బయటికి రారు.
తిట్లు పడేదానికే కదా
నాకీ నీలం చొక్కా కుట్టించింది.

ఒకప్పుడు ఫుల్ ట్యాంక్ అనేవాళ్ళు.
ఇప్పుడా మాట పెట్టెలో పట్టుచీర,
ఎప్పుడో గానీ బయటికి రాదు.
ఇప్పుడందరిదీ ఒకటే కొలత, "నూటికి."
మీటర్లో రూపాయలు గుర్రమెక్కి పోతాయి.
లీటరు మాత్రం నిండు చూలాలు,
మెట్టు మెట్టుకూ ఆగి నడుము పట్టుకుంటాది.
అది గడప దాటకముందే నూరు అయిపోతాది.

డెలివరీ పిల్లోడు ఇర్ఫాన్ నాజిల్ తీయనీడు.
"విదిలించక్కా, ఇంకొంచెం విదిలించు."
తీర్థానికి దోసిలి పట్టినట్టు
ట్యాంకు మూతి దగ్గర ముఖం పెట్టి
చివరి బొట్టు రాలేదాకా చూస్తాడు.
రాలినాక లెక్కేసుకుంటాడు,
కోరమంగలలో ఒక మలుపు.

పోయిన నెల ఊరేగింపు వచ్చింది.
ఎడ్లబండి మీద స్కూటరు, స్కూటరుకు బంతిపూల దండ.
బంకు ముందరే కర్పూరం వెలిగించబోతే
ఇసుక బకెట్లెత్తుకుని మేం పరిగెత్తినాం.
తప్పు ఢిల్లీది అని అరిచినారు.
అంతకు ముందు నెల వచ్చినోళ్ళ కండువా రంగు వేరు,
వాళ్ళు తప్పు ఇక్కడిదే అన్నారు.
ఎద్దులు మాత్రం రెండుసార్లూ అవే.
ఫోటోలయినాక పారేసిన దండను అవి నమిలి తిన్నాయి.
ఇంతమందిలో కడుపు నిండింది వాటికే.
పెద్దాయన కారు అద్దం దించి
"ఫుల్ చెయ్యమ్మా" అన్నాడు. "బిల్లు రాయి."

బండి లేనిదాన్ని, నాకేమిలే అనుకునేదాన్ని.
మొన్న మునెంకటప్ప టమోటా కిలోకు ఐదు పెంచినాడు.
"లారీ బాడుగక్కా, నన్నేం చెయ్యమంటావు?"
జడలో పెట్రోలు వాసన,
చారులో డీజిలు ధర.

సాయంత్రం చింతామణి సిద్దప్ప ఆటో ఆపినాడు.
"ఏం గంగులక్కా, మూతి వాచింది?"
"పన్ను నొప్పన్నా."
హ్యాండిలు మీద తల పెట్టి నవ్వినాడు
వెనకోళ్ళు హారన్లు కొట్టేదాకా.
"నాకూ అదే నొప్పి!
నువ్వు పోసే నూటిలో
నూనెంతో పన్నెంతో చెప్పు చూద్దాం.
నీదయితే ఎవడో ఒకడు పీకుతాడు.
నాది, అదే నన్ను పీకుతాంది."
నవ్వబోతే లవంగం నాలిక మీదికి జారింది.
పీకేదానికి పదైదు నూర్లన్నాడు డాక్టరు.
జీతం పడేదాకా లవంగమే.

రాత్రి పది. గల్లాలో నూటనలభై తక్కువ.
నా పేరు ముందర రాసుకున్నారు.
నడిచి పోతా ఉంటే, దిగుడు రోడ్డులో
చప్పుడు లేకుండా పక్కకొచ్చింది ఆటో.
"ఇంజను ఆపేసినా. దిగుడు ఉన్నంత దూరం ఎక్కు.
దీనికింకా పన్నెయ్యలేదు."

కూర్చున్నా.
టైర్ల కింద కంకర చప్పుడొకటే.
గాలి దవడకు తగిలి జివ్వుమన్నా
ముఖం లోపలికి తిప్పుకోలేదు.
అలవాటు కొద్దీ మీటరు చూసినా. సున్నా.

చదును వచ్చినాక
బండి కొంచెం దూరం మొహమాటపడి, ఆగిపోయింది.
సిద్దప్ప తాళం మీద చెయ్యి పెట్టినాడు,
తిప్పలేదు.

ఇద్దరం దిగి తోసినాం.